పీపీటీ అన్న

రుద్రారం దాటి సంగారెడ్డి వైపు పోతుంటే హైవే మీద కంపెనీ బస్సులు ఎన్నో, కాలేజీ బస్సులూ అన్నే. ప్రతి కాలేజీ బస్సులోనూ ఒక పీపీటీ అన్న ఉంటాడు. సెమినార్ రోజున ఇట్టే గుర్తుపట్టొచ్చు. బాబాయి కొడుకు టై, మేనమామ బూట్లు, ఐడీ కార్డు తాడుకే వేలాడే మూడు పెన్‌డ్రైవ్‌లు. మొదటిది వైరస్‌కి, రెండోది సెమినార్ హాలు కంప్యూటర్‌కి, మూడోది దేవుడికి. జేబులో లేజర్ లైటు. దాన్ని తెర మీద కంటే వెనక బెంచీ వాళ్ల నుదుటి మీదే ఎక్కువ వాడతాడు.

బ్యాచ్‌లో నలుగురుంటారు. ఒకడు చేస్తాడు, ఒకడు చదువుతాడు, ఒకడు మౌసు నొక్కుతాడు. నాలుగోవాడి పేరు మొదటి స్లైడ్ మీద ఉంటుంది, మనిషి క్యాంటీన్లో ఉంటాడు. మా అన్న మొదటి మూడు పనులూ తనే చేస్తాడు. ఎవరినీ నమ్మడు.

స్లైడ్లకు ఒక పాత సూత్రం ఉంది. గై కవాసాకీ అనే ఆయన చెప్పాడు: పది స్లైడ్లు, ఇరవై నిమిషాలు, ముప్ఫై పాయింట్ల అక్షరం. మావాడు ఈ మూడు అంకెలనూ నిష్ఠగా పాటిస్తాడు. వరుసే కొంచెం మారుతుంది. పది పాయింట్ల అక్షరం, ఇరవై నిమిషాలు, ముప్ఫై స్లైడ్లు. ఒక్కో స్లైడ్‌లో రేషన్ కార్డు వెనక నిబంధనల్లా కిక్కిరిసిన లైన్లు. పైగా ఆ అక్షరాలు ఊరికే రావు. కప్పు నుంచి ఒక్కొక్కటే రాలి, గిరికీ కొట్టి, కారు బ్రేకేసిన చప్పుడుతో ఆగుతాయి.

1987లో పవర్‌పాయింట్ పుట్టినప్పుడు అది నలుపు తెలుపే, అదీ ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ షీట్లు అచ్చేసుకోవడానికి. మా రోజుల్లో ఆ షీటు ఒక్కటి పాడైతే ప్రాణం పోయినంత పనయ్యేది, అందుకే నాలుగు ముక్కలు రాసి నలభై చెప్పేవాళ్లం. ఇప్పుడు స్లైడుకు ఖర్చు లేదు.

ఈసారి మా అన్న అంశం నక్కవాగు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు మోసుకుని మంజీరలో కలిసే వాగు. ఆయన ఇల్లూ ఆ గట్టునే. శీర్షిక తెలుగులో ఉంటే బాగుంటుందని చౌరస్తా దగ్గరి డీటీపీ సెంటర్లో ‘నక్కవాగు గోస’ అని అను ఫాంటులో కొట్టించుకొచ్చాడు. హాలు కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. తెర మీద ఒక డాలరు, రెండు ప్లస్సులు, తలకిందుల ప్రశ్నార్థకం ప్రత్యక్షమయ్యాయి. “యూనికోడ్‌ల కొట్టియ్యకపోయినవా” అన్నాను. “యానిమేషన్ మంచిగనే వచ్చింది కద సార్” అన్నాడు.

రెండో స్లైడ్‌లో వాగు బొమ్మ. మంచు కొండల మధ్య తళతళా పారే సెలయేరు, దాని మీద అడ్డంగా వాటర్‌మార్కు.

అక్కణ్ణుంచి ఆయన మాకు వీపు తిప్పాడు. మా క్లాసుకి ఆయన ముఖం కంటే ఆ వీపే బాగా పరిచయం. మనం కళ్లతో స్లైడ్ అడుగుకి చేరేసరికి ఆయన గొంతు రెండో లైన్లో ఉంటుంది. మిగిలిన టైములో క్లాసు ఫోన్లు తీస్తుంది. అందుకు పిల్లల్ని తిట్టాలనిపించదు, నేనూ తీశాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తేల్చిన 43 తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి అన్నదీ, ఆ కాలుష్యం మీద డాక్టర్ కిషన్‌రావు ఏళ్ల తరబడి చేసిన పోరాటమూ పదిహేడో స్లైడ్‌లో, పది పాయింట్లలో, కారు బ్రేకుల మధ్య నలిగిపోయాయి.

“వాగు యాడ కలుస్తదిరా?” అని అడిగాను.

“నెక్స్ట్ స్లైడ్‌ల ఉంది సార్.”

కరెంటు పోయింది. జనరేటర్ వచ్చేదాకా అయిదు నిమిషాలు తెల్లతెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న వాగు ఎటు పోతుందో తెర చెప్పాలి గానీ తను చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు.

సాయంత్రం ఇస్నాపూర్‌లో దిగి చాయ్ తాగుతుంటే గాలి మళ్లింది. అందరం ముక్కులు మూసుకున్నాం. ఆయన మూసుకోలేదు.

“మా నాయన సీ షిఫ్ట్ దిగి పొద్దుగాల ఇంటికొస్తడు సార్. అంగీ ఇడిచి దండెం మీద ఏస్తడు. మా అమ్మ దూరం నుంచే వాసన పట్టి, ఇయ్యాల ఏ బ్లాక్‌ల పనిచేసిండో చెప్తది. ఒక్కసారి గూడ తప్పు పోలే. ఆ అంగీని మా బట్టలతోని కలిపి ఉతకది.”

చాయ్ చల్లారిపోయింది.

“పొద్దున ఇది చెప్పకపోయినవేందిరా?”

“ఇది చెప్తరా సార్?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “దీనికి రిఫరెన్స్ ఏం పెట్టాలె? మా అమ్మ పేరా?”

“పెట్టు” అన్నాను.

మాట మీద నిలబడ్డాడు. తర్వాతి సెమినార్‌కి ముప్ఫై ఒకటో స్లైడ్ చేరింది. తెర మీద అంగీ బొమ్మ గిరికీలు కొడుతూ దిగింది. మల్లెపువ్వులాంటి తెల్ల అంగీ, ఇస్త్రీ మడత నలగలేదు, ఛాతీ మీద అడ్డంగా వాటర్‌మార్కు. కారు బ్రేకేసింది.