పెరిగింది 21 మిల్లీమీటర్లే!

చలికాలం ఆదివారం వచ్చిందంటే నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ రోడ్డంతా థార్లే. మామూలు థార్లయితే నాకేం బాధ లేదు. అడుగున లిఫ్టు కిట్టు, చక్రాలకి ట్రాక్టరు టైర్లంత టైర్లు, ముసలీముతకా ఎక్కాలంటే కింద పీట వెయ్యాలి. ఇంత సరంజామా దేనికయ్యా అంటే, పైన మంచు చూసి టీ తాగి రావడానికట. అదీ తారు రోడ్డు మీద!

ఈ ఏజెన్సీలోనే నేను ఆఫీసు జీపు నడిపాను. అప్పట్లో జీపంటే 6.00-16 టైర్లే. వెడల్పు 6 అంగుళాలు, రిమ్ము 16. యుద్ధంలో తిరిగిన విల్లీసుకీ అవే, తర్వాత ప్యూజో డీజిల్ ఇంజన్‌తో వచ్చిన మహీంద్రా 540కీ అవే. సన్నగా ఉన్నాయని ఎవరూ చిన్నబోలేదు. వానాకాలం మట్టిరోడ్డులో ఆ సన్నదనమే మమ్మల్ని కాపాడింది. పైనున్న మెత్తటి బురదని కోసుకుంటూ దిగి అడుగున గట్టినేల దొరకపుచ్చుకునేది టైరు. వెడల్పు టైరు ఆ బురద మీద తేలుతుంది. లోతైన ఊబిలోనూ ఇసుకలోనూ తేలడం మంచిదే, కాదనను. కానీ గట్టినేల జానెడు లోతులో ఉన్నప్పుడు తేలి ఏం లాభం, జారడం తప్ప?

ఏటి ఇసుకలో అయితే ముందు దిగి, వాల్వులో పుల్ల గుచ్చి గాలి తగ్గించేవాళ్ళం. టైరు కాస్త చదునై నేలని ఎక్కువ మేర పట్టుకునేది. అవతలి గట్టు ఎక్కాక చేతిపంపు. భుజాలు పడిపోయేవి, అది వేరే సంగతి. మరీ దిగబడితే చక్రం కింద గోనెసంచులు, చెట్టుకొమ్మలు. మా జీపు సుఖంగా ఉండేదని మాత్రం అనను. నడుం విరిగేది, వానొస్తే సగం నీళ్ళు లోపలే.

మా మేనల్లుడు కిందటి సంక్రాంతికి తన థార్ తెచ్చాడు. “మావయ్యా, రెండంగుళాలు లిఫ్ట్ చేయించా, టైర్లు 33 అంగుళాలవి!” అన్నాడు. సరేరా అని టైరు మీద అంకెలు చదివాను. 285/70 ఆర్17. కంపెనీ ఇచ్చింది 255/65 ఆర్18. కాగితం మీద లెక్కేస్తే పాత టైరు ఎత్తు 789 మిల్లీమీటర్లు, కొత్తది 831. తేడా 42. ఇరుసు ఉండేది చక్రం నడిమధ్యన కాబట్టి అది లేచేది అందులో సగం, 21 మిల్లీమీటర్లు. అంగుళం కూడా కాదు! రాయి తగిలితే ముందు తగిలేది వెనక ఇరుసు మధ్య ఉండే డిఫరెన్షియల్‌కే. లిఫ్టు కిట్టు బాడీని లేపుతుంది గానీ దాన్ని లేపదు. బాడీ లేస్తే బంపరు గట్టుకి గుద్దుకోదు, పెద్ద టైరుకి చోటు దొరుకుతుంది, అంతవరకూ ఒప్పుకుంటాను.

స్టీరింగు పూర్తిగా తిప్పించి, వంగి చూశాను. లోపలి ప్లాస్టిక్ తొడుగు మీద టైరు రాసుకుని నున్నగా మెరుస్తున్న చార. దాని పక్కనే మెకానిక్ బ్లేడుతో వంకరటింకరగా కోసేసిన ముక్క. ముందు చక్రాలకి పోయే డ్రైవ్ షాఫ్టు బాగా వంపు తిరిగి ఉంది, దాని రబ్బరు బూటు మడతల్లో అప్పుడే పగుళ్ళు. అది చిరిగితే గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. వెనక తలుపు తీస్తే కిర్రుమంది, స్టెప్నీ బరువు పెరిగింది కదా.

మీటరు సంగతి వాడికి తట్టనే లేదు. అది 100 చూపిస్తున్నప్పుడు బండి పోయేది 105. అటుపక్క 10,000 కిలోమీటర్లు తిరిగితే నమోదయ్యేది 9,500 లోపే. రేపు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడి ఖర్మ! బరువు చక్రాలని ఆపాలంటే బ్రేకు ఎక్కువ తొక్కాలి, తిప్పాలంటే డీజిల్ ఎక్కువ తాగాలి.

“అందరూ చేయిస్తున్నారు మావయ్యా” అన్నాడు చివరికి. చేయిస్తున్నారు, నిజమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీ పుస్తకంలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రమాదం జరిగినరోజు ఇన్సూరెన్సువాళ్ళు ఆ ‘అందరినీ’ అడగరు, నీ కాగితాలే అడుగుతారు.

నిజంగా బండరాళ్ళ మీదకీ వాగుల్లోకీ పోయేవాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళకి పెద్ద టైర్లు కావాలి, దానికి తగ్గట్టు గేర్ల నిష్పత్తీ షాఫ్టులూ మార్చుకుని, కాగితాలు సరిచూసుకునే పోతారు. నేను చెప్పేది లంబసింగి బ్యాచ్‌కి. బాబూ, లిఫ్టుకీ టైర్లకీ లక్షలు పెట్టేముందు గాలి కొలిచే గేజీ ఒకటి, చిన్న పంపు ఒకటి కొనుక్కోండి. తారు దిగగానే 30 పీఎస్‌ఐ పైచిలుకు ఉన్న గాలిని 20కి దించి, కంపెనీ టైర్లతోనే మెల్లగా ఎక్కించి చూడండి. తారెక్కేముందు మళ్ళీ గాలి కొట్టుకోండి. అప్పటికీ ఎక్కకపోతే నా దగ్గరికి రండి, 33 సంగతి అప్పుడు మాట్లాడదాం.