కట్నం పెంచని పెళ్లికొడుకు

ఆగస్టు వచ్చింది. డాలస్ చుట్టుపక్కల పెద్దలు బడ్జెట్లు ముందేసుకుని "ఈ ఏడూ ఆస్తి పన్ను రేటు పెంచలేదు" అని మళ్లీ సెలవిచ్చారు. ఇంకేం, ఇల్లు ఏ కౌంటీలో కొనాలా అని మన వాట్సాప్ గ్రూపుల్లో సంబంధాల వేట మొదలైంది. కాలిన్ కౌంటీ వాడు వంద డాలర్ల విలువకు 15 సెంట్లే అడుగుతున్నాడట. డెంటన్ వాడు 19 దాకా వెళ్తున్నాడు, డాలస్ వాడు 20 దాటేశాడు. కాలిన్ అబ్బాయే బుద్ధిమంతుడు!

ఖాయం చేసుకోండి. తాంబూలాలయ్యాక వ్యాన్లోంచి దిగుతుంది వియ్యపురాలు, స్కూల్ డిస్ట్రిక్ట్. ఫ్రిస్కోలో ఆవిడ లాంఛనం ఒక్కటే వందకు డాలరు పైన. వెనకాలే పెళ్లికొడుకు అన్నగారు, సిటీ: 40 సెంట్ల పైచిలుకు. ఆడపడుచు కాలేజీ. కొత్త కాలనీ అయితే నీళ్ల పైపులేయించిన 'మడ్' (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) బాబాయి కూడా విస్తరి ముందు కూర్చుంటాడు. అన్నట్టు ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ ఉంది. ఏ పిల్లాణ్ణి చేసుకున్నా చాలావరకు వియ్యపురాలు ఆవిడే! అబ్బాయి మాత్రం తలొంచుకుని "నాకు 15 చాలండీ" అంటుంటాడు.

రేటు పెంచలేదు, నిజమే. కానీ పిల్ల తండ్రి ఆస్తి విలువ ఎంతో రాసేది అప్రైజల్ డిస్ట్రిక్ట్. దాని ఖర్చు భరించేది మగపెళ్లివారే. గడప తొక్కకుండానే ఐదు లక్షల ఇల్లు ఐదున్నర లక్షలని నోటీసు పంపుతారు. అదే 15 సెంట్లు. 750 డాలర్లు కాస్తా 825. పెంచారా? అబ్బే! సొంతింటికి ఏడాదికి 10 శాతం మించకూడదని చట్టం ఉందిగా అంటారా? మిగిలింది పై ఏడాదికి దాస్తారు. అందుకే మార్కెట్ పడ్డ ఏడు కూడా మీ పన్ను విలువ ఎక్కొచ్చు.

ఇక పెళ్లి కబుర్లు చాలు. నిరుటి ఆస్తుల మీద నిరుటంత సొమ్మే రావాలంటే ఈ ఏడు రేటు ఎంతుండాలో లెక్కగట్టి ప్రకటించాలని టెక్సస్ చట్టమే చెబుతోంది. దాని పేరు నో న్యూ రెవెన్యూ రేటు. ఆ అంకె ముందు పెట్టుకుని, అంతకు మించిన రేటుకు చెయ్యెత్తి, బయటికొచ్చి "పెంచలేదు" అనేవాడికి లెక్కలు రాక కాదు. మనకు రావని ధీమా. బడికీ పోలీసుకీ రోడ్డుకీ డబ్బు కావాలి, ఎవరు కాదన్నారు? పెంచాం, ఇదిగో ఇందుకు అని చెప్పండి. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తూ, ఓటైనా లేకుండా, జనవరి 31లోపు సెంటుతో సహా కట్టేస్తున్నవాళ్ల ముందు అబద్ధమాడటానికి సిగ్గుండాలి.