నలభై రోజుల గడువు

తెలుగువాళ్లకి మొహమాటం ప్రాణాంతకం. వియ్యపురాలు బలవంతం చేస్తే నాలుగో బూరె కూడా తింటాం. తోడల్లుడు అడిగితే చిట్టీకి హామీ సంతకం పెట్టి, ఆ తర్వాత పదేళ్లు తిట్టుకుంటాం. ఇంత మెత్తటి జాతి దగ్గర కూడా పైసా రాబట్టలేకపోయినవాళ్లు ఉన్నారు. షేర్‌వేర్ రాసినవాళ్లు.

అసలు ఆ వ్యాపారం పుట్టిందే మొహమాటం మీద. 1982లో అమెరికాలో జిమ్ బటన్ అన్న పేరుతో ఒక ఐబీఎం ఉద్యోగి పీసీ-ఫైల్ అనే ప్రోగ్రామును ఊరికే పంచిపెట్టి, నచ్చితే 10 డాలర్లు పంపమన్నాడు. విడ్డూరం ఏమిటంటే, పంపారు! ఎంతగా పంపారంటే, కొన్నాళ్లకి ఆయన ఉద్యోగమే మానేశాడు. మరుసటి ఏడు వచ్చిన పీసీ-రైట్ అనే టైపింగ్ ప్రోగ్రాముది ఇంకో తీరు. రిజిస్ట్రేషన్‌కి 75 డాలర్లు. మీ ఫ్లాపీ నుంచి కాపీ చేసుకున్నవాడు కూడా డబ్బు కడితే, మీకు 25 డాలర్ల కమీషన్. అదే మన ఊళ్లో పెట్టి ఉంటే ఉత్తరాలు టైపు చేయడం మానేసి, బావమరుదుల్ని చేర్పించే పనిలో పడేవాళ్లం.

అపోజీ కంపెనీ స్కాట్ మిల్లర్‌కి మనిషి మొహమాటం కన్నా ఆత్రం మీద గురి. ఆటలో మొదటి భాగం ఉచితం, మిగతాది డబ్బుకి. 1987లో ఆయన వేసిన ఈ దారిలోనే 1993 డిసెంబరు 10న డూమ్ అనే ఆట వచ్చింది. మూడు భాగాల్లో ఒకటి ఉచితం. కిందా మీదా పడి చివరి ఇద్దరు రాక్షసుల్నీ చంపి, హమ్మయ్య అనుకునేలోపు ఒక చీకటి గది, చుట్టూ పిశాచాలు, మన చావు! తర్వాతి కథ కావాలంటే 40 డాలర్లు. అప్పటి లెక్కలో పన్నెండు వందల రూపాయల పైమాటే.

పాపం, ఒక్క సంగతి ఎవరూ వాళ్ల చెవిన వేయలేదు. మనం వారపత్రికల సీరియళ్లు చదివి పెరిగినవాళ్లం. హీరోయిన్‌ని కొండ అంచున వేలాడదీసి 'ఇంకా ఉంది' అన్నా, కాఫీ తాగి పడుకోగలం. వచ్చేవారం దాకా ఆగడం మనకి అలవాటే. ఆ వారం ముప్పై ఏళ్లు సాగినా సరే.

అందరిలోకీ ఓర్పుమంతుడు మాత్రం ఫైళ్లను కుదించిపెట్టే విన్‌రార్. గడువు 40 రోజులు. అయ్యప్ప దీక్షకి ఒక్కరోజు తక్కువ. అది దాటాక 'కొనండి, లేదా తీసేయండి' అని ఒక పెట్టె తెరుచుకుంటుంది. మూసేస్తే మూసుకుంటుంది. పని మాత్రం ఆగదు. సహకార బ్యాంకులో రిటైరైన మా బాబాయి ఒకరోజు ఆ పెట్టెను కళ్లజోడు సవరించుకుని మరీ చదివాడు.

"గడువు ఎప్పుడు దాటిందిరా?"

"నేను కాలేజీలో ఉండగా, బాబాయ్."

"వడ్డీ?"

"లేదు."

"జప్తు నోటీసు?"

"అదీ లేదు."

"ఇంటి లోను వీళ్ల దగ్గర దొరుకుతుందేమో కనుక్కో."

ఆ బాబాయే మొన్న ఫోన్‌లో 'ఏడు రోజులు ఉచితం' అన్న జాతకాల యాప్ ఒకటి వేసుకున్నాడు. అదేమీ బతిమాలలేదు. మొదటిరోజే ఆటోపేకి ఒప్పించి, ఎనిమిదో రోజు పొద్దున్నే 499 రూపాయలు కోసేసింది. ధననష్టం ఉందని జాతకంలో ముందే చెప్పిందట. ఆ నిజాయితీని మాత్రం మెచ్చుకోవాలి.

బాబాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోరోజు నా దగ్గరికొచ్చి, "అడక్కుండా లాక్కున్నవాడికి అయిదొందలు సమర్పించుకున్నాం. ఇన్నేళ్లుగా మర్యాదగా అడుగుతున్నవాడికి అణా ఇవ్వలేదు. పాపంరా! ఆ రార్ అబ్బాయికి ఏదైనా పంపుదాం" అన్నాడు.

నా కళ్లు చెమర్చాయి. "ఇప్పుడే పంపేద్దామా బాబాయ్?"

"తొందరేముంది? రేపు ఎలాగూ అడుగుతాడుగా!"