పనిబల్ల పరాయణుడు

అమెరికాలో ఇల్లు కొని, రెండు కార్లు పట్టే గరాజు నుంచి ఒక కారును శాశ్వతంగా వీధికి వెళ్లగొట్టిన తెలుగు గృహస్థులలో పనిబల్ల పరాయణుడిది ప్రత్యేక వర్గం. విద్యుత్ యంత్రాలను చిన్నచూపు చూస్తూ, ఉలి, రంపం, చిత్రిక వంటి చేతి పనిముట్లతోనే వడ్రంగం చేయాలని, అందుకు ముందుగా కదలని బల్ల ఒకటి ఉండి తీరాలని నమ్మడం ఇతని ప్రధాన లక్షణం. డాలస్ శివారులోని ఒకానొక బావగారు ఈ వర్ణనలో తమను పోల్చుకుంటే, అది కేవలం వారి సూక్ష్మగ్రాహ్యత.

ఈ నమ్మకంలో న్యాయం లేకపోలేదు. చిత్రికను, అనగా చెక్కను పొరలుగా చెక్కి నునుపు చేసే పనిముట్టును, ముందుకు తోసినప్పుడు బల్ల కూడా వెంట బయలుదేరితే, బలమంతా బల్లను నడపడానికే ఖర్చవుతుంది. అందుకే ఫ్రెంచి వడ్రంగి ఆంద్రే రూబో 1769 నుంచి వెలువరించిన బృహద్గ్రంథంలో అయిదారు అంగుళాల మందం గల పలకను సూచించి, కాళ్లను దాని అంచుతో సమంగా నిలిపాడు. పొడవాటి చెక్కను పక్కన ఆనించి బిగించడానికి ఆ అమరిక అనువైనది. ఈ కొలతలన్నీ కంఠస్థం చేసిన గృహస్థుడు, 1812లో పీటర్ నికల్సన్ వర్ణించిన, కాళ్లకు అడ్డంగా వెడల్పాటి పలకలు బిగించిన ఆంగ్ల బల్ల ఇంకా మేలేమోనన్న శంకతో ఒక శీతాకాలం గడుపుతాడు.

బల్ల ఎత్తు, చేతులు వేలాడేసి నిలబడినప్పుడు చిటికెన వేలు అరచేతిని కలిసే చోటుకు సరిపోవాలన్నది ప్రచారంలో ఉన్న సూత్రం. అయితే ఆ కొలత బల్ల వాడేవారి నుంచి తీయాలి గాని, భోజనానికి వచ్చిన ప్రతి చుట్టం నుంచీ కాదు. కొన్న పైన్ పలకలు తేమ ఆరి నిలకడకు రాకపోతే తరువాత వంకర తిరుగుతాయని ఇతడు వాటిని గోడవారగా పేర్చి ఉంచుతాడు; ఇల్లాలు అడిగిన వంటింటి పీట కూడా వాటితోపాటే ఆరుతూ ఉంటుంది. పైగా పలకను చదును చేయడానికి గట్టి బల్ల కావాలి, గట్టి బల్లకు చదునైన పలక కావాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదన్న సామెత గరాజులో ఈ విధంగా రుజువవుతుంది.

ఊరి వడ్రంగి నేల మీదే కూర్చుని, పాదాలతో చెక్కను అదిమిపట్టి పని చేసేవాడని స్వదేశం నుంచి వచ్చిన తల్లి గుర్తుచేస్తే, ఇతడు వినయంగా హోల్డ్‌ఫాస్ట్‌ను ప్రదర్శిస్తాడు. బల్ల రంధ్రంలో దించి నెత్తిన ఒక దెబ్బ వేస్తే చెక్కను కరచిపట్టి, వెనుక నుంచి తడితే వదిలేసే ఆ ఇనుప కొక్కేన్ని ఆమె మనసారా మెచ్చుకుని, పీట సంగతి అడుగుతుంది.

చివరికి బల్ల పూర్తయితే, దాని మీద ఉలిగాటు పడుతుందేమోనని దుప్పటి కప్పుతాడు. పీటను ఇల్లాలు దుకాణంలో కొని తెచ్చుకుంటుంది. ఇతడు దానిని తిరగేసి, కాళ్లు పట్టి కుదిపి, ఊగుతోందని తీర్పు చెబుతాడు. ఇంటిల్లిపాదికీ ఒళ్లు మండే విషయమేమిటంటే, అది నిజంగానే ఊగుతుంది.