కథ మీద కూర్చున్నారు

నేను కృష్ణానగర్ వచ్చింది కథలు అమ్ముకుందామని. అన్నం పెడుతున్నది మాత్రం వైర్లు. అందుకే నా సంచిలో క్రింపింగ్ ప్లయరు, కేబుల్ టెస్టరు, వాటి అడుగున స్పైరల్ బైండింగ్ చేయించిన కథ ఒకటి ఎప్పుడూ ఉంటాయి. ఫిల్మ్‌నగర్‌లో ఏ గుమ్మం ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరు చెప్పగలరు?

పైరసీ సైటు ఐబొమ్మ నడిపినవాణ్ని హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న 2025 నవంబరు అది. రాత్రి పదిన్నరకి ఒక నిర్మాతగారింటి నుంచి ఫోను. పేరొద్దు లెండి. సాయంత్రమే ఆయన్ని టీవీలో చూశాను. ఒకడి కష్టాన్ని ఇంకొకడు ఉత్తినే ఎత్తుకుపోతుంటే పరిశ్రమ ఎలా బతకాలని బల్ల గుద్ది అడిగారు. నాకు కళ్లు చెమర్చాయి కూడా.

పిలిచింది వాళ్లబ్బాయి. వాలరంట్ అనే ఆన్‌లైన్ తుపాకీల ఆట ఆడతాడు.

"అంకుల్, పగలంతా పింగ్ పాతిక. రాత్రి పది దాటితే మూడొందలు. నేను గురి చూసేలోపే నన్ను లేపేస్తున్నారు."

అప్పటికే బోలెడు తగలేశాడు. ఎనిమిది యాంటెన్నాల రౌటరు, పింగ్ తగ్గిస్తానని నెలనెలా డబ్బు గుంజే యాప్, 100 నుంచి 300 ఎంబీపీఎస్‌కి పెంచిన ప్లాను. ఆటకి అంత వెడల్పు అక్కర్లేదు. ఎక్కడ నిలబడ్డాడు, తుపాకీ ఎటు తిప్పాడు అని చెప్పే చిన్న చిన్న చీటీలు ముంబై సర్వరుకి ఆగకుండా పోయిరావాలి, అంతే. అలా పోయిరావడానికి పట్టే మిల్లీసెకన్లే పింగ్. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై నేరుగా గీత గీస్తే ఆరొందల చిల్లర కిలోమీటర్లు. రానూపోనూ ఆరేడు మిల్లీసెకన్లు. దారి వంకరలూ మధ్య మజిలీలూ కలుపుకున్నా ఇరవై, ముప్ఫై. మూడొందలంటే జబ్బు ముంబైలో లేదు, ఇంట్లోనే ఉంది.

గ్రానైటు గోడల మధ్య వైఫైని నమ్మలేం కాబట్టి ముందు రౌటరు నుంచి నేరుగా వైరు లాగాను. 280. అంటే ఇంట్లో ఎవరో నెట్‌ని నిండా వాడేస్తున్నారు. రౌటరు దగ్గర వరస పెరిగిపోయి, అబ్బాయి చీటీ తోకలో నిలబడుతోంది. ప్రీరిలీజ్ ఫంక్షన్ వదిలిన రాత్రి చెక్‌పోస్ట్ దగ్గర చిక్కిన అంబులెన్సులాగా.

"డ్రైవరుదీ వాచ్‌మన్‌దీ ఫోన్లు చూడు బాబూ. ఇంట్లో దొంగలు వాళ్లే" అన్నారు అమ్మగారు.

ఇద్దరి ఫోన్లనూ వైఫై నుంచి తీసేశాను. వాచ్‌మన్ తల దించుకుని నిలబడ్డాడు. పింగ్ ఇసుమంతైనా దిగలేదు.

"పై గదిలో ఎవరైనా..."

"ష్! డాడీ కథ మీద కూర్చున్నారు. పది దాటితే పైకి ఎవరూ వెళ్లకూడదు."

అబద్ధమెందుకు, గౌరవం కలిగింది. చెయ్యి దానంతటదే సంచి మీదికి పోయింది. తన కథ తనే రాసుకునే మనిషికి నా కథతో ఏం పని అనిపించి మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

ఇక మిగిలింది మొరటు పద్ధతి. తెరమీద పింగ్ నడుస్తుండగా స్విచ్ బాక్సులో వైర్లు ఒక్కొక్కటే పీకుతూ పోయాను. వంటిల్లు, 280. హాలు, 290. హోమ్ థియేటర్, 285. నాలుగోది పీకగానే 24. అబ్బాయి కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. అదే క్షణంలో పైనుంచి కేక: "ఎవడ్రా నెట్ పీకింది?"

వైరు మీద చీటీ చూశాను. 'డాడీ' అని ఉంది.

భయపడుతూనే మెట్లెక్కాను. ఆయన లుంగీలో, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని కంప్యూటరు ముందున్నారు. తెరమీద టొరెంటు జాబితా. ఏడు సినిమాలు. ఐదు కొరియావి, రెండు స్పెయిన్‌వి. ఆరు దిగిపోయి, దిగినవాటిని ఊరందరికీ పంచిపెట్టే పనిలో ఉన్నాయి. టొరెంటు గుణమే అంత, దించుకున్నవాడి చేతే ఎక్కిస్తుంది. పక్కనే తెల్ల కాగితాల బౌండు. పై పేజీలో 'కథ' అని రాసి, దాని కింద ఆయన పేరు. తక్కినదంతా ఖాళీ.

"సార్, దీనికి కాస్త పరిమితి పెడితే బాబు ఆటకి..."

"వాడి ఆట ఎక్కడికి పోతుందయ్యా! ముందా వైరు పెట్టు. తొంభై రెండు శాతం అయింది. ఇంకో పావుగంటలో కథ పూర్తయిపోతుంది."