బావకని చెప్పి తెప్పించిన నిక్కరు

సైకిల్ తొక్కే ఆడవాళ్లకు ప్రత్యేకంగా నిక్కర్లు ఉంటాయని, వాటి లోపల కూర్చునే చోట మెత్త కుట్టి ఉంటుందని నాకు ముందే తెలుసు. ఫోన్‌లో బొమ్మలు చూశాను, ధరలు చూశాను. ఇంత తెలిసి కూడా, అది నాకు కావాలని నోరు తెరిచి అడగలేకపోయాను. ఆ అడగలేనితనం వల్ల నా ఒంటికి నేను చేసుకున్న చెరుపు ఒకటి. నన్ను నమ్మిన ఇంకో అమ్మాయికి చేసిన చెరుపు ఇంకొకటి. రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది డోన్. పాతవాళ్లు ఇప్పటికీ ద్రోణాచలం అంటారు. 2022లో నంద్యాల జిల్లాలో కలిపినా మా మాట, మా ఎండ కర్నూలువే. ఊరి పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి. ఉత్తరంగా పోతే వెల్దుర్తి, కర్నూలు. దక్షిణంగా పోతే ప్యాపిలి, గుత్తి. నేను సర్కారు బడిలో టీచర్ని. నలభై దాటాక రక్తపరీక్షలో షుగరు అంచున ఉందని తేలింది. హైదరాబాదుకు చదువుకు పోయిన మా పాప గేర్ల సైకిల్ ఇంట్లో ఊరికే పడి ఉంది. చీకటితోనే లేచి తొక్కడం మొదలుపెట్టాను. ఈ నేల మీద సైకిలుకు పల్లేరుకాయ పెద్ద శత్రువు. టైర్లో దిగిందంటే ట్యూబు పని అయిపోయినట్టే. అందుకని పంక్చరు సామాను, చిన్న పంపు ఎప్పుడూ సంచిలో పెట్టుకునేదాన్ని. టైరు మీద పెట్టిన ఆ శ్రద్ధలో సగం కూడా నా ఒంటి మీద పెట్టలేదు.

అరగంట దాటగానే నొప్పి మొదలయ్యేది. మోకాలో నడుమో నొప్పయితే స్టాఫ్‌రూములో అందరికీ చెప్పి మందులు కూడా అడిగేదాన్ని. ఈ నొప్పి చెప్పుకునే చోట లేదు. సైకిల్ అంటే ఇంతే కాబోలు, ఓర్చుకోవాలి అనుకున్నాను. నొప్పి ముదిరాక సీటుకు జెల్ కవరు తొడిగాను. ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం అని నా లెక్క.

ఆ లెక్క తప్పని ఇప్పుడు తెలుసు. సైకిల్ మీద కూర్చున్నప్పుడు మన బరువును మోయాల్సింది పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. సీటు మరీ మెత్తనైతే ఆ ఎముకలు లోపలికి దిగబడిపోతాయి. మధ్యలోని మెత్త పైకి లేచి, బరువు మోయకూడని సున్నితమైన చోట ఒత్తుతుంది. తిమ్మిరి అందుకే వస్తుంది. ఆడవాళ్లకు ఆ రెండు ఎముకల మధ్య దూరం మగవాళ్ల కంటే సాధారణంగా ఎక్కువ. దాన్ని కొలవడానికి డాక్టరు కూడా అక్కర్లేదు. అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి అరుగు మీద వేసి, కాళ్లు కొంచెం పైకి ఎత్తి దాని మీద కాసేపు కూర్చుంటే రెండు గుంటలు పడతాయి. ఆ గుంటల నడిమి బిందువుల మధ్య దూరం కొలిచి, రెండు మూడు సెంటీమీటర్లు కలుపుకుంటే మనకు పనికొచ్చే సీటు వెడల్పు సుమారుగా తెలుస్తుంది. మాకు అరుగులకేం కొదవ? బేతంచెర్ల బండలు పరచని ఇల్లు ఈ చుట్టుపక్కల తక్కువ.

జెల్ కవరుతో ఫలితం లేకపోయేసరికి నిక్కరు మీదికి మనసు పోయింది. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. నాకని చెప్పడానికి నోరు రాలేదు. మీ బావకు సైకిల్ నిక్కరు ఒకటి కావాలంట, కొనుక్కురా అన్నాను.

"బావ సైకిల్ ఎప్పుడు కొన్నాడక్కా?"

"కొనాలనుకుంటాన్నాడు లేరా. నువ్వు తీసుకురా."

వాడు మంచివాడు. బావ కొలత తెలుసు కాబట్టి ఆ కొలతకు, కొట్లో ఉన్నవాటిలో బాగా మందం మెత్త ఉన్నది చూసి తెచ్చాడు. మగవాళ్ల నిక్కరు. అందులోని మెత్త మగవాళ్ల ఒంటికి తగ్గట్టు ముందుకు పొడుగ్గా, వెనక వెడల్పు తక్కువగా ఉంది. నా ఎముకలు ఆనాల్సిన చోట దాని అంచు వచ్చింది. దానికి తోడు అది నాకు వదులు. వదులుగా ఉండటమే మర్యాద అనుకుని సంతోషించాను కూడా. ఈ నిక్కరు వదులుగా ఉండకూడదని, ఒంటికి అతుక్కుని ఉండేలాగే కుడతారని నాకు అప్పటికి తెలియదు. ఒకప్పుడు సైకిల్ పందేలవాళ్లు ఉన్ని నిక్కర్లు వేసుకునేవారు. లోపల షామీ అనే కొండ జంతువు తోలు కుట్టేవారు. ఉతికితే ఆ తోలు గట్టిపడేది, దానికి క్రీము పూసి మళ్లీ మెత్తబరుచుకునేవారు. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ సాగే దారం కనిపెట్టాడు. మనం లైక్రా అనేది దాన్నే. ఆ సాగే బట్ట వచ్చాక నిక్కరు చర్మంతో పాటే కదులుతుంది. చర్మానికీ బట్టకూ మధ్య రాపిడి తగ్గుతుంది. వదులు నిక్కరులో మెత్త పక్కకు జరుగుతుంది, మడత పడుతుంది, ఆ మడత మీదే గంటసేపు కూర్చుంటాం. నేను కూర్చున్నాను.

ఇంతకంటే పెద్ద తెలివితక్కువ పని ఇంకోటి చేశాను. ఆ నిక్కరు లోపల మామూలు లోదుస్తులు కూడా వేసుకున్నాను. లోపల ఏమీ లేకుండా బయటికి పోవడం అనేది నేను పెరిగిన ఇంట్లో ఊహకు కూడా అందదు. కానీ ఈ నిక్కరే లోదుస్తు. దాన్ని నేరుగా ఒంటి మీద వేసుకోవాలి. లోపల ఇంకోటి వేసుకుంటే దాని కుట్లు తొడ మొదట్లో కోస్తాయి, నూలు బట్ట చెమటను పట్టి ఉంచుతుంది. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పొడి గాలికి పైన చెమట ఆరిపోయి ఉప్పు మిగులుతుంది, లోపలిది ఆరదు. అక్కడ చర్మం ఎర్రబడింది, తర్వాత ఒరిసిపోయింది. అప్పుడు కూడా తొక్కడం ఆపలేదు.

ఉతికాక దాన్ని దండెం మీద వేయడానికి కూడా భయపడ్డాను. మిద్దె మీద ఆరేస్తే ఎదురింటివాళ్లు చూస్తారు, ఇదేందని అడుగుతారు. స్నానాల గదిలో కొక్కేనికి తగిలించి, పైన పాత చీర కప్పేదాన్ని. మందం మెత్త గాలి లేని గదిలో ఎట్లా ఆరుతుంది? తెల్లారి పచ్చిగా ఉన్నదాన్నే వేసుకుని పోయేదాన్ని. ఇంత ఎండ ఉన్న ఊళ్లో తడి బట్ట కట్టుకుని తిరిగినదాన్ని నేను.

చివరికి గడ్డ లేచింది. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పలేక రోజంతా నిలబడే ఉండేదాన్ని. కర్నూలులో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమెతో కూడా మొదట జ్వరం గురించి మాట్లాడాను. అసలు సంగతి చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె చూసి, చెమట, రాపిడి, తడి మూడూ కలిస్తే వెంట్రుకల కుదుళ్లలోకి క్రిములు పోయి ఇట్లా అవుతుందని చెప్పింది. నయమయ్యేదాకా సైకిల్ ఎక్కొద్దంది. ఇల్లు చేరగానే నిక్కరు విప్పి కడుక్కోవాలని, ఒకసారి వేసుకున్నది ఉతకకుండా మళ్లీ తొడుక్కోకూడదని చెప్పింది. "ఎండలో ఆరేయడానికి ఏమైందమ్మా నీకు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

గడ్డ మానాక మా ఊరి సైకిల్ షాపుకు పోయాను. అక్కడి మేస్త్రీ ఇంకో మాట చెప్పాడు. నన్ను కొంచెం దూరం తొక్కమని వెనక నుంచి చూసి, "సీటు ఎత్తయిందక్కా, నడుము అటూ ఇటూ ఊగుతాంది. రాసుకోకుండా ఎట్లుంటాది?" అన్నాడు. మడమ పెడల్ మీద పెట్టినప్పుడు అడుగున కాలు నిటారుగా రావాలని చెప్పి సీటు దించాడు. సీటు ముక్కు పైకి లేచి ఉంటే సమం చేశాడు. ఎంత మంచి నిక్కరు తొడుక్కున్నా సీటు తప్పుగా ఉంటే ఆ తప్పును అది కప్పిపెట్టలేదు. నేను రోజూ ఆ కొట్టు ముందు నుంచే పోయేదాన్ని.

ఆడవాళ్ల బట్టలకూ సైకిలుకూ తగాదా మన దగ్గరే పుట్టలేదు. 1894లో బోస్టన్ నుంచి ప్రపంచయాత్రకు సైకిల్ మీద బయలుదేరిన ఆనీ లండన్‌డెరీ పొడుగు గౌనుతో మొదలుపెట్టి, దారిలోనే దాన్ని వదిలి లాగులాంటి బ్లూమర్లకు మారింది. అప్పుడూ జనం నోళ్లు నొక్కుకున్నారు. మనకు దగ్గరి కథ తమిళనాడులోని పుదుక్కోట్టైది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా, కలెక్టరు షీలా రాణి చుంకత్ చొరవతో, పల్లెటూరి ఆడవాళ్లు లక్షమందికి పైగా సైకిల్ నేర్చుకున్నారు. చీరల్లోనే తొక్కారు. చాలామంది బారు ఉన్న మగవాళ్ల సైకిలే కావాలన్నారు, ఆ బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. వాళ్లు గుంపులుగా నేర్చుకున్నారు, ఒకరి కష్టం ఒకరితో చెప్పుకున్నారు. వాళ్ల సంగతి చదివినప్పుడు నాకు సిగ్గేసింది.

నిక్కరు అందరికీ అవసరమని నేను అనను. 'బడికొస్తా' పథకంలో మా ఆడపిల్లలకు ఇచ్చినలాంటి సైకిళ్ల మీద నిటారుగా కూర్చుంటాం, సీటు వెడల్పుగా ఉంటుంది, బడికి పోయే దూరం తక్కువ. దానికి మామూలు చుడీదారు చాలు. ముందుకు వంగి, గంటకు మించి తొక్కేవాళ్లకు మాత్రం ఇది చెప్పులంత అవసరం.

ఇప్పుడు నేను వాడేది హైదరాబాదుకు స్వయంగా పోయి, కొట్లో అడిగి, తొడిగి చూసి కొన్నది. తొడుక్కున్నాక నిలబడి అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి చూడాలి. వంగినప్పుడు మెత్త ఒంటికి అతుక్కుని ఉండాలి, నడుము పట్టీ పొట్టను నొక్కకూడదు, తొడ దగ్గరి పట్టీ జారకుండా ఉండాలి కానీ గీత పడేంత బిగుతు ఉండకూడదు. మెత్తను వేళ్ల మధ్య నొక్కితే వెంటనే తిరిగి లేవాలి. వేళ్లు ఒకదానికొకటి తగిలేంత పల్చగా అణిగిపోతే గంట తర్వాత అది ఉన్నా లేనట్టే. నడిమధ్యలో కుట్టు ఉందేమో చేత్తో తడిమి చూడాలి, ఉంటే వద్దు. భుజాల మీదికి పట్టీలు ఉండే రకం దూరాలకు ఇంకా సుఖం అంటారు, నడుము దగ్గర ఒత్తిడే ఉండదు. వెనకభాగం మాత్రమే దించుకునే వీలున్నవి కూడా ఆడవాళ్ల కోసం వస్తున్నాయి. అది లేని రకమైతే ఒంటికి పోవాలంటే పైబట్టలన్నీ విప్పాలి. మా రోడ్డు మీద ఆడవాళ్లకు శుభ్రమైన మరుగు దొరకడమే కష్టం. అందుకని నేను నడుము రకమే తీసుకున్నాను. పైన వదులు ప్యాంటు, పొడుగు కుర్తా వేసుకుంటాను. అది నా ఇష్టం, ఎవరికీ భయపడి కాదు. నెలసరి రోజుల్లో మామూలు ప్యాడ్ ఒరుసుకుపోతుంది కాబట్టి సైకిల్ తీయను. కప్పు వాడేవాళ్లకు ఆ ఇబ్బంది లేదని పాప చెప్పింది. ఉతకడం చల్లని నీళ్లతో, మెత్తబరిచే ద్రావకాలు లేకుండా. తిరగేసి మిద్దె మీద, గాలి ఆడే నీడలో ఆరేస్తాను. ఎదురింటామె అడిగింది. చెప్పాను. ఆమె, ఓహో అట్లనా, అని లోపలికి పోయింది.

ఇక రెండో సంగతి. నా ఒళ్లు ఇట్లా చెడుతున్న రోజుల్లోనే, మా బడికి కొత్తగా వచ్చిన ఒక చిన్న టీచరమ్మ నన్ను చూసి ముచ్చటపడి సైకిల్ కొనుక్కుంది. తొలి జీతాల్లోంచి దాచిన డబ్బు. పొద్దున్నే నాతో పాటు వెల్దుర్తి రోడ్డున వచ్చేది. కొన్నాళ్లకు ఒక పొద్దు దిగి నిలబడిపోయింది.

"అక్కా, కూర్చోలేకపోతాన్నా. నీకు ఇట్ల కాలేదా?"

ఆ క్షణాన నా ప్యాంటు లోపల ఆ మగవాళ్ల నిక్కరు ఉంది. లోపల చర్మం మండుతూనే ఉంది. నేను, "మొదట్లో ఉంటాది లేమ్మా, నాకేం కాలేదు, అలవాటైపోతుంది" అన్నాను. రోడ్డు మీద మేమిద్దరమే ఉన్నాం, వినేవాళ్లు కూడా లేరు. అయినా అబద్ధమే చెప్పాను. ఆ పిల్ల తన ఒళ్లే సైకిలుకు పనికిరాదనుకుంది. ఇంకొన్ని రోజులు ఓర్చుకుని మానేసింది, తర్వాత సైకిల్ సగం ధరకు అమ్మేసింది.

ఇప్పుడామె ఆదోనిలో పనిచేస్తోంది. మొన్న ఫోన్ చేసి అంతా చెప్పాను, తమ్ముడితో ఆడిన అబద్ధం, గడ్డ, డాక్టరమ్మ, అన్నీ. విని కాసేపాగి, "ఆ పొద్దే చెప్పింటే సైకిల్ అమ్మేదాన్ని కాదక్కా" అంది. కోపంగా అనలేదు. నిజమే అన్నాను. కొట్టు పేరు, కొలతలు, ఎట్లా తొడిగి చూడాలో అన్నీ రాసి పంపాను. ఆమె ఇంకా మళ్లీ సైకిల్ కొనలేదు.