కన్నుకొట్టే మీటరు

కొత్త కరెంటు మీటరు పరుగెత్తుతోందని తేల్చింది నేను కాదు, మా వీధి వీధంతా. బందరులో ఏ అరుగు మీద చతికిలబడ్డా ఇదే గోల. "పాత మీటరయితే బిల్లు ఇంతొచ్చేదా?" అని ఒకరు, "ఎక్కడొస్తుందండీ!" అని ఇంకొకరు. ఆనక ఇద్దరూ కలిసి నిట్టూర్చడం. నిట్టూర్పులకి రాయితీ లేదు.

అసలు మంట స్లాబుల దగ్గర. 2022లో వచ్చిన లెక్క ప్రకారం 126 నుంచి 225 దాకా యూనిట్ ఆరు రూపాయలు, గీత దాటి 226లో కాలు పెడితే 8.75. ఆ 226వ యూనిట్ ఎవరు కాల్చారన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. మా ఆవిడ గ్రైండర్ మీద నాకు అనుమానం, నా ఏసీ మీద ఆవిడకి.

ఈలోగా గుడివాడ నుంచి మా బావ దిగాడు. రిటైరయిన లెక్కల మాస్టారు. మీటరు మీద 3200 అని రాసుంది చూశావా, అన్నాడు. ఆ ఎర్రలైటు 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ అట. 75 వాట్ల ఫ్యాను ఒక్కటే తిరిగితే నిమిషానికి నాలుగు మిణుకులు రావాలి, అంతకు మించితే మీటరు దొంగ. ఇంకేం, ఫ్రిజ్ పీకించాడు. ఇన్వర్టర్ ఆపించాడు. దోమల మందు మిషను కూడా వదల్లేదు. హాల్లో ఫ్యాను ఒక్కటి వేయించి, మీటరు ముందు స్టూలేసుకుని "ఒకటి" అన్నాడో లేదో, పాలబ్బాయి బెల్లు కొట్టాడు. బెల్లూ కరెంటే కదా! మళ్ళీ మొదటికి. ఈసారి మూడు దాకా వచ్చి తుమ్మాడు. తుమ్మితే కళ్ళు మూసుకుంటాయి, అప్పుడో మిణుకు జారిపోయి ఉంటుందని తనే కొట్టేశాడు. ఆ తర్వాత మా ఆవిడ కాఫీ తాగుతారా అని అడిగినందుకు లెక్క తప్పింది. ఫ్రిజ్‌లో పెరుగు పులిసింది. ఎట్టకేలకు నాలుగున్నర తేలింది. ఆ అర ఎక్కడిది బావా అంటే, "75 అన్నది ఫ్యాను కొత్తప్పటి మాట. ముందు ఫ్యాన్ని టెస్టు చేయించాలి" అన్నాడు.

ఇంత అవస్థ అక్కర్లేదు, మనకి హక్కుంది. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 30 రోజుల్లో కరెంటు కంపెనీ మీటరు పరీక్షించాలి. వాడకానికీ రీడింగుకీ పొంతన లేదంటే, 2024 సవరణ ప్రకారం ఐదు రోజుల్లో ఇంకో మీటరు అదనంగా బిగించి, కనీసం మూడు నెలలు వాడకం సరిచూడాలి. 1912కి ఫోను చేయొచ్చు. తీరకపోతే ఫిర్యాదుల పరిష్కార ఫోరం, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్. కాగితం మీద ఇంత మర్యాద అల్లుడికి కూడా జరగదు. కాకపోతే తూకంలో తేడా ఉందన్నవాడు మళ్ళీ తూచమని ముందుగా అడగాల్సింది ఆ కొట్టువాణ్ణే.

మొన్న మే నెలలో అవనిగడ్డ వెళ్ళాను, అమ్మని చూద్దామని. మిట్టమధ్యాహ్నం, చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్క. ఫ్యాను ఆగి ఉంది. అమ్మ తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది, దాని అంచుకి కుట్టిన గుడ్డ కూడా ఊడి వేలాడుతోంది.

"కరెంటు పోయిందా?"

"లేదురా, ఉంది. బిల్లెక్కువొస్తోందిగా."

మీటరు తప్పా ఒప్పా అన్న ప్రశ్నే ఆవిడ దాకా రాలేదు. బిల్లు పెరిగింది, ఫ్యాను ఆపేసింది. అరుగుల మీద అంత గొడవ చేశాం, ఇలా నోరెత్తకుండా కట్టుకుపోయేవాళ్ళు ఎంతమందో మాలో ఒక్కడికీ తట్టలేదు. నిబంధన రాసినవాళ్ళకి తట్టిందో లేదో.

లేచి ఫ్యాను వేసి, అర్జీ నేను రాస్తానన్నాను. మూడు నెలలు ఇంకో మీటరు కూడా పెట్టి చూస్తారని వివరంగా చెప్పాను. అమ్మ అంతా విని విసనకర్ర ఆపింది.

"అయితే రెండు బిల్లులు కట్టాలట్రా?"